త్రీస్టార్ అంటే మంచి రూమేనా? నెల్లూరు, ఒంగోలులో బస ఎంచుకునేవాళ్లకు

నెల్లూరులో పెళ్లికో, ఒంగోలులో ఆస్పత్రి పనికో వచ్చే చుట్టాలు ఫోన్లో మొదట అడిగే మాట ఒకటే: "అక్కడ మంచి త్రీస్టార్ ఏదైనా ఉందా?" వెయ్యి రూపాయల లాడ్జికీ మూడున్నర వేల హోటల్‌కీ తేడా తెలియడానికి ఏదో ఒక ఆనవాలు కావాలి, అందుకని స్టార్ అడుగుతారు. కానీ స్టార్ చెప్పేది ఆ హోటల్లో ఏమేం ఉన్నాయో అంతవరకే. అవి మీరు దిగిన రోజు పనిచేస్తున్నాయా, దుప్పటి ఉతికిందేనా, రాత్రి కింద హాల్లో డీజే మోగుతుందా అన్నవి దాంట్లో ఉండవు. ఆర్‌సీ చూస్తే బండికి ఎన్ని సీట్లో తెలుస్తుంది, బ్రేకులు ఎలా పడతాయో తెలియదు. స్టార్ సంగతీ అంతే. దాన్ని ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ పక్కన పెట్టాలి, మన వైపు దొరికే బసల్లో ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం.

ముందు ఆ స్టార్ ఎవరిచ్చారు?

మన దేశంలో అధికారికంగా హోటళ్లకు స్టార్ ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. ఆ శాఖ తరఫున హెచ్‌ఆర్‌ఏసీసీ అనే కమిటీ హోటల్‌కి వచ్చి, చెక్‌లిస్ట్ పట్టుకుని తనిఖీ చేస్తుంది. ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు, ఆపైన ఫైవ్‌స్టార్ డీలక్స్. పాత కోటలు, బంగళాల్లాంటి వాటికి హెరిటేజ్ అని వేరే తరగతి ఉంది. (దుబాయ్‌లోని బుర్జ్ అల్ అరబ్‌ని సెవెన్‌స్టార్ అంటుంటారు గానీ అది పత్రికల వాళ్లు అలవాటు చేసిన మాట. అలాంటి అధికారిక తరగతి లేదు.)

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతులు రెండున్నాయి. మొదటిది, ఇది తప్పనిసరి కాదు. కనీసం పది గదులుండి, యజమాని తనంతట తాను దరఖాస్తు పెట్టుకుంటేనే కమిటీ వస్తుంది. కాబట్టి స్టార్ లేని హోటల్ బాగాలేదని కాదు, అసలు అడగకపోయి ఉండొచ్చు. రెండోది, ఒకసారి ఇచ్చిన స్టార్ ఐదేళ్లు చెల్లుతుంది. నాలుగేళ్ల కిందట కమిటీ వాళ్లు చూసి బాగుందన్న పరుపు మీదే మీరు ఇవాళ పడుకోవాల్సి రావచ్చు.

ఇక మన ఫోన్లో కనిపించే స్టార్లు చాలావరకు ఇవి కానే కావు. బుకింగ్ యాప్‌లలో పేరు పక్కన ఉండే స్టార్లు ఎక్కువగా హోటల్ వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నవే. గూగుల్ మ్యాప్స్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఒకే పేరు కింద ఒకచోట "3-స్టార్ హోటల్" అని ఉంటుంది, ఇంకోచోట పసుపు స్టార్లతో 4.1 అని ఉంటుంది. మొదటిది హోటల్ తరగతి, రెండోది జనం వేసిన మార్కులు. "ఫోర్‌స్టార్ హోటల్ పద్దెనిమిది వందలకే దొరికింది" అని మురిసిపోయేవాళ్లు చాలావరకు ఈ రెండో అంకె చూసి పొరబడినవాళ్లే. రోడ్డు పక్కన ఫ్లెక్సీ మీద వేసుకున్న స్టార్ల గురించి చెప్పనే అక్కర్లేదు.

నిజంగా స్టార్ వచ్చిన హోటల్ దగ్గర సర్టిఫికెట్ ఉంటుంది. అడిగితే చూపిస్తారు, పర్యాటక శాఖ వారి 'నిధి' పోర్టల్‌లో పేరు వెతికి చూసుకోనూ వచ్చు. "త్రీస్టార్ స్థాయి వసతులు" అని రాసుకుంటే మాత్రం దాన్ని ప్రకటన కిందే లెక్కేయండి. ఇంకో మాట. యజమానులు స్టార్ కోసం తిరగడానికి మీ నిద్రతో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి. మన రాష్ట్రంలో త్రీస్టార్, ఆపై హోటళ్లలోని బార్ల లైసెన్సు లెక్క మామూలు బార్ల లెక్క కాదు.

స్టార్ నిజంగా పనికొచ్చే చోటు

ఉన్నదా లేదా అని చూసి టిక్కు పెట్టగలిగినవి ఏవైతే ఉన్నాయో, వాటికి అసలైన స్టార్‌ని నమ్మొచ్చు. గది కనీసం ఎంత వైశాల్యం ఉండాలి, లిఫ్ట్, పార్కింగ్, చక్రాల కుర్చీ వెళ్లే దారి, ఫైర్ అనుమతులు, రాత్రిపూట రిసెప్షన్‌లో మనిషి, లోపలే తినడానికి ఏర్పాటు ఇలాంటివన్నీ ఆ చెక్‌లిస్ట్‌లో ఉంటాయి. మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మను తీసుకొస్తున్నారంటే ఇవన్నీ ముఖ్యమే. పాత లాడ్జీల్లో మెట్లు నిలువుగా, ఇరుగ్గా ఉంటాయి, లిఫ్ట్ ఉన్నా అది మొదటి అంతస్తు నుంచి మొదలయ్యే చోట్లు కూడా ఉన్నాయి. అగ్నిప్రమాదం విషయంలోనూ అంతే. బయటికి పోయే దారి ఒక్కటే ఉన్న ఇరుకు బిల్డింగ్‌లో మూడో అంతస్తు గది చవగ్గా దొరికిందని సంతోషించాల్సిన పని లేదు.

కంపెనీ పని మీద వచ్చినవాళ్లకు, ముఖ్యంగా బిల్లు ఆఫీసులో పెట్టాల్సినవాళ్లకు స్టార్ ఇంకో రకంగా ఉపయోగం. అక్కడ జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు అడక్కుండానే వస్తుంది.

ఏ చెక్‌లిస్ట్‌కీ సరిగా చిక్కనివి

మన వైపు రాత్రి బాగా గడిచిందా లేదా అన్నది తేల్చేవి నీళ్లు, కరెంటు, చప్పుడు, దోమలు. ఈ నాలుగూ స్టార్ల కంటే పైనే.

నీళ్ల సంగతి ఒంగోలు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సాగర్ కుడి కాలువ నీళ్లను సమ్మర్ స్టోరేజ్ చెరువుల్లో నింపుకుని, అక్కడి నుంచి ఊరికి ఇస్తారు. కొళాయి రోజూ రాదు కాబట్టి పెద్ద హోటలైనా చిన్న లాడ్జైనా బోరు మీదో ట్యాంకర్ మీదో ఆధారపడక తప్పదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు నురగ రాదు, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతుంది. అద్దాల బాత్రూమ్, తలమీద పెద్ద షవర్ ఉన్నంత మాత్రాన అందులోంచి వచ్చే నీళ్లు మారవు. పెళ్లికి వచ్చిన ఆడవాళ్లు తెల్లారి ఐదింటికి తయారవ్వాలంటే ఇది చిన్న విషయం కాదు. వేడినీళ్లు గీజర్‌వా, సోలార్‌వా అన్నది కూడా అడగాలి. ఒక్క సోలార్ మీదే నడిచే చోట మబ్బు పట్టిన రోజున తెల్లవారుజామున చన్నీళ్లే గతి.

కరెంటు దగ్గర అందరూ అడిగే ప్రశ్న "జనరేటర్ ఉందా?" దీనికి ఉందనే జవాబు వస్తుంది, అది నిజం కూడా. అడగాల్సింది అది కాదు: "జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానూ లైటూనేనా?" నెల్లూరులో మే నెల రాత్రి ఫ్యాన్ గాలికి పడుకోవడమంటే ఏమిటో పడుకున్నవాళ్లకే తెలుసు. ఇంకోవైపు నెల్లూరుకు వాన ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో వస్తుంటే ఈ ప్రశ్న ఇంకా అవసరం, గ్రౌండ్‌ఫ్లోర్ గది వద్దనడం కూడా అవసరమే.

చప్పుడు మూడు వైపుల నుంచి వస్తుంది. రెండు ఊళ్లూ చెన్నై-విజయవాడ రైల్వే లైను మీద, పదహారో నంబరు హైవే మీద ఉన్నాయి. స్టేషన్ దగ్గరి గదికి రైళ్లు, హైవే పక్క గదికి లారీ హారన్లు ఉచితం. మూడోది అన్నిటికన్నా గట్టిది: అదే బిల్డింగ్‌లోని ఫంక్షన్ హాలు. కొంచెం పెద్ద హోటళ్లకు కింద ఒక బాంకెట్ హాలు ఉండటం మామూలైపోయింది, ముహూర్తాల రోజుల్లో రిసెప్షన్ అర్ధరాత్రి దాకా సాగుతుంది. ఇక్కడ చిత్రమేమిటంటే స్టార్ పెరిగేకొద్దీ హాలు ఉండే అవకాశం కూడా పెరుగుతుంది, హాలే లేని చిన్న లాడ్జిలో నిద్ర హాయిగా పట్టొచ్చు. "ఆ రోజు ఫంక్షన్ ఉందా అన్నా? ఉంటే పై అంతస్తులో వెనక వైపు గది ఇవ్వండి" అని ముందే చెప్పుకుంటే చాలావరకు సర్దుబాటు చేస్తారు.

నెల్లూరు దోమల మీద ఉన్నన్ని జోకులు ఇంకే ఊరి దోమల మీదా లేవేమో. కిటికీకి మెష్ ఉందా, బాత్రూమ్ వెంటిలేటర్‌కి కూడా ఉందా అని చూడండి. ఎంత ఖరీదైన గదైనా ఆ వెంటిలేటర్ దగ్గరే దొరికిపోతుంది.

రివ్యూలు నమ్మొచ్చా?

స్టార్ల కంటే రివ్యూలు మేలు, కానీ చదవడం తెలియాలి. మన ఊళ్లలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చాలా హోటళ్లలో కింద రెస్టారెంట్, పైన గదులు, పక్కన ఫంక్షన్ హాలు, గూగుల్‌లో మాత్రం అన్నిటికీ కలిపి ఒకే పేరు. చేపల పులుసు బాగుందని ఐదు స్టార్లు వేసినవాళ్లూ, బిర్యానీ చల్లారిపోయిందని ఒకటి వేసినవాళ్లూ, పెళ్లికి వచ్చి పార్కింగ్ దొరకలేదని తిట్టినవాళ్లూ అందరూ కలిసి ఆ 4.2 తయారు చేస్తారు. గదిలో పడుకున్నవాళ్లు అందులో కొద్దిమందే. అందుకే రివ్యూల్లో "రూమ్" అని వెతికి, వాటిని మాత్రమే చదవండి. బుకింగ్ డాట్ కామ్ లాంటి చోట దిగి వెళ్లినవాళ్లే రివ్యూ రాయగలరు, మార్కులు పదికి వేస్తారు. గదుల వరకు ఆ మార్కే నాకు ఎక్కువ నమ్మకం.

కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత ఆరు నెలలవి చూడండి. ఫిర్యాదుల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటే అసలు విషయం. ఒక్కరు "స్టాఫ్ మర్యాద లేదు" అన్నారంటే ఆ రోజు ఇద్దరిలో ఎవరికి చిరాకుగా ఉందో మనకు తెలియదు. ఐదుగురు వేర్వేరు నెలల్లో "ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయి" అన్నారంటే అవి కారుతున్నాయి. రిసెప్షన్‌లో పనిచేసే అబ్బాయి పేరు పెట్టి పొగుడుతూ ఒకే వారంలో పది రివ్యూలు కనిపిస్తే, చెకౌట్ దగ్గర ఫోన్ చేతికిచ్చి రాయించుకున్నారని అర్థం. ఫొటోల్లో హోటల్ వాళ్లు పెట్టినవి వదిలేసి, దిగినవాళ్లు తీసినవి చూడండి. మనవాళ్లు బాత్రూమ్ ఫొటో తీశారంటే మెచ్చుకోవడానికి తీసి ఉండరు.

ఎవరికి ఏది?

ఆస్పత్రి పని మీద వచ్చినవాళ్లు స్టార్ సంగతి పూర్తిగా మర్చిపోవచ్చు. ఎన్ని రోజులు ఉండాలో తెలియదు, ఒకరు పేషెంట్ దగ్గర, ఒకరు గదిలో, వేళాపాళా లేకుండా వచ్చిపోతుంటారు. ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో శుభ్రమైన లాడ్జి, వారానికి మాట్లాడుకుంటే తగ్గించే యజమాని, రాత్రి రెండింటికి వచ్చినా తలుపు తీసే వాచ్‌మన్ ఉంటే అదే సరైన బస. దూరంలో ఉన్న మంచి హోటల్ తీసుకుంటే ఆటోలకు పెట్టే ఖర్చు, పడే టెన్షన్ కలిపి ఆ గది సుఖాన్ని మింగేస్తాయి.

గ్రానైట్ చూడటానికి చీమకుర్తి వెళ్లేవాళ్లు, కృష్ణపట్నం పోర్టు పని ఉన్నవాళ్లు ఇందుకు పూర్తిగా వేరు. వాళ్లకు ఒంగోలులోనో నెల్లూరులోనో బిజినెస్ హోటలే మేలు. వైఫై, లాండ్రీ, పొద్దున్నే టిఫిన్, కారు పెట్టుకునే చోటు, బిల్లు అన్నీ ఒకచోటే దొరుకుతాయి. వీటి కోసమే ఆ ఎక్కువ డబ్బు.

పెళ్లికి వచ్చేవాళ్లకు గదులు చూస్తుంటే అందరినీ ఒకేచోట దింపాలన్న పట్టుదల పెట్టుకోవద్దు. పెద్దవాళ్లను లిఫ్ట్, వెస్ట్రన్ టాయిలెట్ ఉన్న హోటల్లో దించి, కుర్రవాళ్లకు మండపం పక్క లాడ్జిలో రెండు పెద్ద గదులు తీసుకుంటే డబ్బూ మిగులుతుంది, వాళ్లకూ అదే ఇష్టం. బావగారు మాత్రం ఏ హోటల్లో దింపినా ఏదో ఒకటి అంటారు, దానికి స్టార్ ఏమీ చేయలేదు.

గుళ్లకు వెళ్లేవాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. పెంచలకోనలో రాత్రి నిద్ర చేయాలనుకుంటే కొండ కింద ఉండటమే ముఖ్యం, దేవస్థానం గదులో సత్రమో చూసుకోవాలి. వసతి సాదాగానే ఉంటుంది, దుప్పటి, టవల్ మీవి మీరు తీసుకెళ్లండి. మాలకొండ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి శుక్రవారం రాత్రి గది కోసం కందుకూరులో చివరి నిమిషంలో వెతుక్కునే పని పెట్టుకోకండి. మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లు సాయంత్రం ఆలస్యమైతే మార్కాపురంలోనే ఆగిపోవడం మంచిది. దోర్నాల దాటాక అడవి దారిలో రాత్రిపూట బండ్లను వదలరు. మార్కాపురంలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, నాలుగు గంటల నిద్రకు శుభ్రమైన నాన్ ఏసీ గది చాలు. మొహర్రం వేళ నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో ఊళ్లో గదులు దొరకడమే గగనం. అప్పుడు స్టార్లు, రివ్యూలు అంటూ కూర్చోకుండా దొరికింది పట్టుకోండి.

మైపాడు బీచ్ లాంటి చోట మీరు డబ్బు కట్టేది గదికి కాదు, సముద్రానికి. రాష్ట్ర పర్యాటక సంస్థ వారి హరిత రిసార్ట్‌ల బలం అదే, మంచి చోట్లలో ఉంటాయి. ఉప్పుగాలికి తలుపు గొళ్లాలు, ఏసీలు త్వరగా పాడవుతాయి కాబట్టి సముద్రం పక్కన ఎవరి బిల్డింగైనా ఊళ్లోని హోటల్‌లా తళతళలాడదు. తెల్లవారుజామున సముద్రం చూడాలంటే అక్కడ ఉండండి, లేదంటే నెల్లూరులో దిగి పొద్దున్నే కారులో వెళ్లి రండి, పాతిక కిలోమీటర్ల లోపే.

యాప్ బ్రాండు బోర్డు తగిలించిన గదుల గురించి ఒక్క మాట. బోర్డు ఒకటే అయినా బిల్డింగు, యజమాని, పనివాళ్లు ఎక్కడికక్కడే వేరు. ఒక ఊళ్లో బాగుందని ఇంకో ఊళ్లో కళ్లు మూసుకుని బుక్ చేయడానికి లేదు. బుక్ చేశాక హోటల్‌కి ఫోన్ చేసి గది ఖాయమేనా అని అడిగి బయల్దేరండి.

డబ్బు దగ్గర అసలు తేడా

పాత లాడ్జీలకు ఉన్న గొప్ప సుఖం 24 గంటల చెకౌట్. తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరు స్టేషన్లో దిగారనుకోండి. మధ్యాహ్నం పన్నెండు చెకౌట్ ఉన్న హోటల్లో ఆ వేళప్పుడు గదిలోకి వెళ్తే ముందురోజు అద్దె కూడా పడొచ్చు, అంటే 2,000 గది 4,000 అవుతుంది. 24 గంటల పద్ధతి ఉన్నచోట మర్నాడు తెల్లవారుజామున నాలుగింటి దాకా ఒకటే అద్దె. రాత్రి బస్సుల్లో, రైళ్లలో తిరిగే మనవాళ్లకు ఇంతకన్నా పెద్ద వసతి ఏ ఫైవ్‌స్టార్ ఇస్తుంది?

పన్ను స్టార్‌ని బట్టి పడదు, అద్దెను బట్టి పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది కాబట్టి ఇంకా ఎవరైనా 12 అంటే పాత లెక్క చెబుతున్నట్టు. 3,000 గదికి పన్ను 150. మన ఊళ్లలో ఎక్కువ గదులు ఈ 5 శాతం కిందికే వస్తాయి. యాప్‌లో మొదట కనిపించే ధరలో పన్ను కలిసి ఉండకపోవచ్చు, చివరి పేజీ దాకా వెళ్లి పోల్చండి. అదనపు మనిషికి ఎంత, పిల్లలకు ఏ వయసు దాకా ఉచితం, టిఫిన్ కలిపా విడిగానా అన్నవి తేలాకే ఏది చవకో తెలుస్తుంది. టిఫిన్ కలిపి లేకపోతే నెల్లూరులో బాధపడకండి. బయట నెయ్యి కారం దోసె హోటల్ బఫేలోని ఇడ్లీ కంటే ఎప్పుడూ మేలే.

డబ్బు కట్టేముందు

పట్టి చూడాల్సింది గదిని, లాబీని కాదు. "ఒకసారి రూమ్ చూస్తామన్నా" అంటే లాడ్జిలోనైనా హోటల్లోనైనా చూపిస్తారు, చూపించనంటే బయటికి వచ్చేయండి. లోపలికి వెళ్లగానే దుప్పటి ఎత్తి పరుపు మూలలు చూడండి, నల్లుల జాడ ఉంటే అక్కడే ఉంటుంది. కొళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, ఏసీ వేసి ఐదు నిమిషాలు ఆగండి, తలుపు లోపలి గడియ పడుతుందో లేదో చూడండి. ఏసీ వేయగానే తడి వాసన వస్తే గది మార్చమనండి, అడిగితే పక్క గది తాళం ఇచ్చేస్తారు. ఆధార్ అడిగితే నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వచ్చు.

చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్, గది ఫొటోలు దగ్గర పెట్టుకుని ముందు మేనేజర్‌తో మాట్లాడండి, యాప్‌లో బుక్ చేసుంటే గదిలో దిగకముందే యాప్ వాళ్లకు చెప్పండి. దిగి రాత్రంతా పడుకున్నాక డబ్బు వెనక్కి అడిగితే వాదన నిలవదు. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.